పేజీ అడుగున పాత ఏడాది

డిసెంబర్ 3, 2018

అక్కకి ఎవరో లేనిపోనివి ఎక్కించారు. పొద్దున కాఫీ దగ్గరే మొదలుపెట్టింది.

"ఏమే మరియూక్సీ, నువ్వు చేసే వెబ్‌సైట్ల అడుగున కాపీరైట్ అని ఓ సంవత్సరం ఉంటుందే, అది దానంతటదే మారేట్టు పెట్టొచ్చటగా?"

"ఎవరు చెప్పారు?"

"మా డాక్టరు గారి మేనకోడలు. ఒక్క లైను రాస్తే చాలట. మరి నువ్వేంటి, ఏటా జనవరిలో సంచీ తగిలించుకుని గ్వాయాకిల్ ఊరంతా తిరుగుతావు? ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి ఏడుని ఎనిమిది చేసి వస్తావు? అంకె మార్చడానికి ఊరేగింపెందుకే తల్లీ!"

అక్క పళ్ల డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటుంది. అక్కడికి వచ్చేవాళ్లు నోరు తెరుచుకుని ఉంటారు తప్ప ఎదురు మాట్లాడరు. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకుంది.

దానంతటదే మారుతుందని నాకు తెలియదా! కానీ నా పద్ధతి నాది. కొత్త క్యాలెండర్‌ని ఎవరి గోడకి వాళ్ల కళ్లముందే తగిలించాలి. దుకాణం యజమాని పక్కన కూర్చుని చూస్తుండగా ఆ అంకె మారిస్తే, అమ్మయ్య, ఇంకో ఏడాది నిలబడ్డాం అని అతని మొహంలో కనిపిస్తుంది. చేపల హోటలు వాళ్లు గిన్నె నిండా ఎన్సెబొయాదో పులుసు పోస్తారు. డ్రైవింగ్ స్కూలు ఆవిడ మొగుడి మీద చాడీలన్నీ చెప్పి మనసు తేలిక చేసుకుంటుంది. తిరిగి తిరిగి, ఆరో తారీఖు ముగ్గురు రాజుల పండగ నాటికి ఎలియోదోరో గారి బొమ్మల షెడ్డుకి చేరతాను. అక్కడితో ఆ ఏటి తిరుగుడు పూర్తి.

ఆయనది చివర పెట్టుకోవడం ఎందుకంటే, ఆ వీధి దూరం. అంత దూరం కాదులే. దారిలో కలవదు.

డిసెంబర్ 5

కుడి మణికట్టు మళ్లీ నొప్పి. అక్క వేన్నీళ్ల గుడ్డ కట్టింది, కడుతూ తిట్టింది.

అక్క మాటలో న్యాయం ఉంది.

డిసెంబర్ 9

చేసేశాను. అన్ని పేజీల్లోనూ ఆ లైను పెట్టేశాను. ఒక్క పూట పట్టింది. ఇక మీద ఏడాది మారితే పేజీ అడుగున అంకె కూడా తనే మారుతుంది, నేను బతికున్నా లేకపోయినా. మనసు హాయిగా ఉంది. జనవరి అంతా ఖాళీ. అక్క ప్లాయాస్ వెళ్దాం అంటోంది, సముద్రం ఒడ్డున పడుకుని పీత కాళ్లు నములుతూ ఉండొచ్చు.

ఎలియోదోరో గారి పేజీలో ఇంకాస్త తెలివి చూపించాను. పైన పెద్దక్షరాల్లో "2018ని మా దగ్గర కొనండి, మీ వాకిట్లో కాల్చండి!" అని ఉంటుంది కదా, ఏటా ఆయన చెబితే నేను మార్చేదాన్ని. ఆ అంకెని కూడా అదే లైనుకి కలిపేశాను. పైనా మారుతుంది, అడుగునా మారుతుంది. ఒక దెబ్బకి రెండు పిట్టలు.

డిసెంబర్ 14

షెడ్డుకి వెళ్లి చెప్పి వచ్చాను. ఫోన్లో చెప్పొచ్చు కానీ అటు పని ఉంది. 

వీధి అంతా బొమ్మలే. నెలాఖరున అర్ధరాత్రికి ఈ ఊళ్లో ప్రతి వాకిట్లో పాత ఏడాది పేరున ఒక బొమ్మ కాలాలి కాబట్టి, ఈ నెలంతా ఆ వీధిలో నడవడానికి చోటుండదు. ఎలియోదోరో గారి షెడ్డు ముందు ఈసారి రిఫరీలు ఎక్కువ. ఫుట్‌బాల్ మీద ఊరికి అంత కోపం ఉంది మరి. వాళ్ల నాన్న, తాత కూడా ఇదే షెడ్డులో రంపపు పొట్టు కూరి, కాగితం అంటించి, రంగు వేసినవాళ్లే. భార్య పోయినప్పటి నుంచీ ఆయన ఒక్కడే చేస్తున్నాడు.

ఓ రిఫరీకి మీసం దిద్దుతున్నాడు. నేను స్టూలు మీద కూర్చుని విషయం చెప్పాను.

"ఇకనుంచి సంవత్సరం దానంతటదే మారుతుందండీ. మీరు నాకోసం ఎదురుచూడక్కర్లేదు."

"ఎదురుచూడక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"అయితే జనవరిలో రారన్నమాట."

"రావాల్సిన పని ఉండదు కదండీ."

"అవునవును, పనుండదు." కుంచె మళ్లీ రంగులో ముంచాడు. "ఇంజినీరమ్మలంటే మాటలా! పని లేకుండా చేసేస్తారు."

నేను ఇంజినీర్‌ని కాదని ఎన్నిసార్లు చెప్పినా వినడు. ఈ ఊళ్లో కంప్యూటరు ముట్టుకున్న ప్రతివాళ్లూ ఇంజినీర్లే. మొత్తానికి మెచ్చుకున్నాడు. రిఫరీ మీసం మాత్రం ఒకవైపు పైకి పోయింది, ఆయన చూసుకోలేదు.

డిసెంబర్ 15

నిన్న ఆయన కాఫీ ఇవ్వలేదు. పనిలో ఉన్నాడు.

డిసెంబర్ 19

ఎంత పనిలో ఉన్నా కాఫీ ఇచ్చేవాడు.

డిసెంబర్ 24

అక్క ప్లాయాస్‌లో గది మాట్లాడతానంది. వద్దన్నాను.

"సముద్రం వద్దనే మనిషిని నిన్నే చూశానే. జనవరిలో పనేం పెట్టుకున్నావు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే సంతోషించాలి గానీ ఆ మొహమేంటి? టర్కీకోడికి నీకూ ఏం తేడా లేదు ఇవాళ."

చర్చికి వెళ్లాం, వచ్చాం, తిన్నాం. తిండి మాత్రం అద్భుతం. అక్క వంకాయలు మాడ్చినా అద్భుతంగానే మాడుస్తుంది.

అక్క కళ్లజోడు లేకుండా చదవలేదు, కళ్లజోడు ఎక్కడ పెట్టిందో దానికే తెలియదు. కాబట్టి ఇక్కడ నిజం రాసుకోవచ్చు. ఏడాదికి ఒక్కరోజు ఆ షెడ్డులో ఆ స్టూలు మీద కూర్చోవడానికి నాకొక కారణం ఉండేది. అంకె మార్చడానికి నిమిషం పట్టేది, నేను సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. ఆయన జిగురు కలుపుతూ వాళ్ల తాత కబుర్లు చెప్పేవాడు. ఆ కారణాన్ని నా చేత్తో నేనే ఒక్క లైను రాసి చెరిపేసుకున్నాను. యాభై రెండేళ్ల దాన్ని, "ఊరికే చూడ్డానికి వచ్చానండీ" అని ఒక మగవాడి గుమ్మంలో ఎలా నిలబడతాను? నా వల్ల కాదు.

డిసెంబర్ 27

ఆ లైను తీసేస్తే? చెప్పేశాక తీసేస్తే ఏం బాగుంటుంది.

జనవరి 1, 2019

మధ్యాహ్నం. అక్క ఇంకా లేవలేదు. వీధంతా మసి, మా గుమ్మం ముందు సగం కాలిన బూటు ఒకటి. నిన్నటిది వరసగా రాస్తాను, లేకపోతే నేనే నమ్మను.

సాయంత్రం ఏడు దాటగానే ఫోన్ మోగింది. ఎలియోదోరో గారు. ఇన్నేళ్లలో ఆయన తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదలు.

"ఇంజినీరమ్మా, నా ఏడాదిని చంపేశారు మీరు."

"ఏమైందండీ?"

"దానికింకా అర్ధరాత్రి దాకా ఆయుష్షుంది. నా పేజీ తెరిచి చూడండి, పైన ఏమని రాసుందో."

తెరిచాను. పెద్దక్షరాల్లో, ఎర్రగా: "2019ని మా దగ్గర కొనండి, మీ వాకిట్లో కాల్చండి!"

పుట్టని బిడ్డకి కొరివి పెట్టమన్నట్టుంది. చూడగానే నా తప్పు నాకు తెలిసిపోయింది. పేజీలన్నీ ఉండే కంప్యూటరు ఎక్కడో పరాయి దేశంలో ఉంది, దాని గడియారం లండన్ సమయం చూపిస్తుంది. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి ఇక్కడ ఏడు. మిగతావాళ్ల పేజీల్లో కూడా మారే ఉంటుంది, కానీ పేజీ అడుగుకి ఎవరు చూస్తారు? ఈయనది నేను నెత్తిన పెట్టాను.

"జనం ఫోన్లలో చూసి శిలువ గుర్తేసుకుని వెళ్లిపోతున్నారమ్మా. కొత్త ఏడాదిని కాల్చమన్నవాడి బొమ్మ ఇంటికి తీసుకెళ్తే అరిష్టమట. పక్క షెడ్డు రుఫీనో నవ్వలేక చస్తున్నాడు. పన్నెండు దాటితే వీటిని ఎవడు కొంటాడు? పాత ఏడాది అమ్ముడుపోకుండా షెడ్డులో మిగలడం మా తాతల నాటి నుంచీ లేదు."

"వస్తున్నా" అని సంచీ తగిలించుకుని పరిగెత్తాను.

నిన్న సాయంత్రం టాక్సీ దొరకడమే గొప్ప, అది కదలడం ఇంకా గొప్ప. రెండు వీధులు దాటగానే రోడ్డుకి అడ్డంగా తాడు. పాత ఏడాదికి పెళ్లాలుగా ఆడవేషం కట్టి చిల్లర అడుక్కునే మగవాళ్లు. వాళ్లలో పెద్దావిడ, అంటే నల్ల ముసుగు, నల్ల గౌను, గుబురు గడ్డం ఉన్న మనిషి, నా కిటికీ మీద పడి గుండెలు బాదుకున్నాడు.

"అమ్మా, నా మొగుడు పోతున్నాడమ్మా! నాలుగు డబ్బులియ్యమ్మా!"

"పోతున్నాడు కాదయ్యా, పోయాడు! నేనే చంపేశాను, దారివ్వు!"

ఏడుపు ఆపేశాడు. "అర్ధరాత్రి దాకా ఉంటాడన్నారే!"

నోరు జారి మొత్తం చెప్పాను. అంతా విని, ముసుగు ఎత్తి పట్టుకుని, నన్ను జరగమని టాక్సీలో ఎక్కి కూర్చున్నాడు. "మొగుడి సంగతి. నేను రాకపోతే ఎలా?"

షెడ్డు ముందు బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి, కొనేవాళ్లు వీధికి అటువైపు నిలబడి ఉన్నారు. ఎలియోదోరో గారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలుచున్నాడు. తిడతాడనుకున్నాను. "వచ్చారా" అన్నాడు, అంతే. ఆయన కంప్యూటరు మీటల మీద రంపపు పొట్టు ఊది, ఆ లైను తీసి, 2018 అని చేత్తో కొట్టాను. రెండు నిమిషాలు.

బయటికొచ్చి నా జన్మలో ఎన్నడూ చేయని పని చేశాను. స్టూలు ఎక్కి అరిచాను.

"తప్పు నాదమ్మా, బొమ్మలది కాదు! మన ఏడాది బతికే ఉంది. ఆ గడియారం లండన్‌ది!"

"లండన్ వాళ్లకి మన ఏడాదితో ఏం పనమ్మా?" అని ఒకావిడ గట్టిగా అడిగింది.

"అదేనమ్మా నా ఏడుపూను!"

జనం నవ్వారు. ఆ నవ్వు మీద గడ్డం విధవరాలు దిగాడు. ఒక్కో రిఫరీని కౌగిలించుకుని, "అయ్యో, ఇంకా ఒళ్లు వెచ్చగానే ఉందర్రా! బతికే ఉన్నాడు! నా మొగుణ్ణి ఎవరైనా కొనుక్కోండమ్మా, తిండి ఖర్చు లేదు!" అని ఏడుస్తూ వీధంతా తిరిగాడు. రుఫీనో దగ్గర నిలబడ్డవాళ్లు కూడా ఇటు వచ్చేశారు. తొమ్మిదింటికి ఒక్క బొమ్మ లేదు. మీసం ఒకవైపు పైకి పోయినవాణ్ణి ఆ లండన్ ఆవిడే పట్టుకెళ్లింది, వాళ్ల బావగారి పోలికలున్నాయట.

అందరూ వెళ్లాక ఆయన కాఫీ ఇచ్చాడు.

"ఇంకో లైను రాస్తే మన ఊరి సమయమే చూసుకుంటుందండీ. వచ్చే ఏడాది ఈ బాధ ఉండదు" అన్నాను.

"వద్దు."

"ఏది?"

"దానంతటదే మారేది. మళ్లీ పెట్టకండి."

"సరిచేయొచ్చండీ, పెద్ద పని కాదు."

"సరిచేయొచ్చని నాకూ తెలుసు. అయినా వద్దంటున్నాను. మీరే వచ్చి మార్చండి, ఎప్పట్లాగే."

కాఫీలో చక్కెర వేయడం మర్చిపోయాడు, చెప్పలేదు, తాగేశాను. సంతోషం వేసింది. చాలా సంతోషం వేసింది.

ఇంటికొచ్చి అక్కకి చెబితే అంతా విని, అర్ధరాత్రికి తినే ద్రాక్షపళ్లు కడుగుతూ అడిగింది.

"ఆ అంకె ఇక్కడ కూర్చుని కూడా మార్చొచ్చుగా?"

మార్చొచ్చు. "తట్టలేదు" అన్నాను.

"తట్టదులే" అంది.

జనవరి 6

ముగ్గురు రాజుల పండగ. షెడ్డుకి వెళ్లాను. ఇవాళ పండగ, పని ముట్టుకోవద్దు, రేపు మారుద్దాం అన్నాడు. అదీ నిజమే.

జనవరి 7

వాన. షెడ్డులో కరెంటు పోయింది. మార్చలేదు.

జనవరి 10

కరెంటు ఉంది. బొమ్మల అచ్చులు కడగడానికి సాయం పట్టాను, చేతులు తడి. తడి చేతులతో కంప్యూటరు ముట్టుకోకూడదు.

జనవరి 16

వెళ్లాను. మార్చలేదు.

జనవరి 20

మిగతా అందరి పేజీలూ 2019లో చక్కగా ఉన్నాయి, గడియారం కూడా సరిచేశాను. ఎలియోదోరో గారిది ఒక్కటే పాత ఏడాదిలో ఉంది. నేనక్కడ ఉండగానే కెవేదో ఊరి నుంచి ఎవరో ఫోన్ చేశారు, మీ పేజీలో ఇంకా 2018 అని ఉంది, దుకాణం ఉందా మూసేశారా అని.

"ఉందండీ, నిక్షేపంలా ఉంది. మా దగ్గర ఏడాది కాస్త నింపాదిగా నడుస్తుంది" అన్నాడాయన.

ఇంటికొచ్చి చెప్పి నవ్వుకుంటుంటే అక్క, "ఒక్క అంకె మార్చడానికి ఇన్ని రోజులా! దేవుడు లోకం మొత్తాన్నీ ఆరు రోజుల్లో చేశాడే" అంది.

"దేవుడికి కరెంటు పోలేదు" అన్నాను.

ఈ మధ్య మణికట్టు నొప్పి లేదు.

ఫిబ్రవరి 2

ఆయనకి నా కాఫీలో చక్కెర ఎంతో తెలిసిపోయింది. అడగడం లేదు.

ఒక్కటే భయం. ఎప్పుడో ఒకరోజు మార్చాలి కదా. మార్చితే పని అయిపోతుంది. పని అయిపోతే?

ఫిబ్రవరి 11

మార్చలేదు.

ఫిబ్రవరి 19

మార్చేశాను.

పొద్దున ఆ వీధి మొదట్లో రుఫీనో ఆపాడు. ఎప్పటిలాగే పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ.

"ఇంజినీరమ్మా, మీ పుణ్యమా అని కార్నివాల్ పని నాకొచ్చిందండోయ్! ఊరేగింపులో తగిలించుకునే కాగితం తలకాయలన్నీ ముందు ఎలియోదోరోకే ఇద్దామనుకున్నారట. పేజీ చూస్తే పాత ఏడాది ఉంది, మూసేశాడేమో అని నా దగ్గరికొచ్చారు. ఇంకో నాలుగు నెలలు అలాగే ఉంచండి, మీ పేరు చెప్పుకుని ఇల్లు కట్టుకుంటాను."

నవ్వలేకపోయాను. ఎలియోదోరో గారికి ఈ సంగతి వారం కిందటే తెలుసట. ఆ వారంలో నేను మూడుసార్లు వెళ్లాను, పల్లెత్తు మాట అనలేదు. నేను స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతూ, నా సరదా కోసం ఆయన కూటి మీద దెబ్బ కొడుతున్నాను. సిగ్గేసింది. అంత నష్టానికీ నోరెత్తకుండా ఉన్నాడంటే ఆయనకీ నేను రావడమే కావాలని అర్థమై, ఆ సిగ్గులోనే ఒళ్లంతా వెచ్చబడింది.

లోపలికి వెళ్లి, నమస్కారం కూడా పెట్టకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాను.

"ఇవాళ కరెంటు సరిగ్గా లేదు" అన్నాడు.

"ఉందండీ. బల్బు వెలుగుతోంది."

ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఎనిమిది చెరిపి తొమ్మిది కొట్టాను.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"అయితే ఇక వచ్చే జనవరి దాకా..."

సంచీ జిప్పు పడలేదు. జిప్పు వదిలేసి లేచి నిలబడ్డాను.

"రేపు వస్తాను."

"రేపేం పని?"

"పనేం లేదండీ. ఊరికే."

ఆయన చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఇవాళ జిగురు కలపనే లేదు.

"ఊరికేనా?"

"ఊరికే."

"అయితే పొద్దున్నే రండి. అరటికాయ బొలోన్ ఉండలు చేస్తాను, వేడి మీదే బాగుంటుంది."

రేపు పొద్దున్నే వెళ్తున్నాను. అక్క ఎక్కడికే అని అడిగితే పని మీద అని చెప్పను.